నిలిపిన బండి నిలుచునా?

నా చిన్నతనమున మా అయిజ సంతకు వచ్చిన ఎడ్లబండ్లు వరుసదీరి నిలిచియుండెడివి. బండిని నిలిపిన మనిషి మొట్టమొదట చేయు పని ఎడ్లను విప్పుట కాదు. చేతికందిన రాతి నొకదానిని తెచ్చి చక్రము క్రింద పెట్టుట. ఆ తరువాతనే కాడి దింపెడివారు. మా పెద్దనాయన ఈ విషయమున మిక్కిలి పట్టుదల గలవాడు. నేల సమముగానే యున్నదని మేమెంత చెప్పినను ఆయనకు పట్టెడిది కాదు. "రాయి పెట్టినవా బిడ్డా?" అని అడుగును. పెట్టినానని చెప్పినను, వంగి తన కన్నులతో చూచుకొనిన పిదపనే సంతలోనికి నడచును. అది ముసలివారి చాదస్తమని మేము నవ్వుకొనెడివారము.

పత్తి విత్తనపు సేద్యము వచ్చిన తరువాత నడిగడ్డ పల్లెలలో కార్లు పెరిగినవి. ఈ నడుమ కొనుచున్న కార్లలో పెక్కింటిని చూచినచో, రెండు సీట్ల మధ్య ఉండవలసిన హ్యాండ్ బ్రేకు పిడి కనబడదు. దాని స్థానమున వ్రేలితో ఎత్తదగిన చిన్న మీట యొకటి ఉండును. దానిమీద వృత్తములో ఒక ఇంగ్లీషు అక్షరము. దీనినే ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు అనుచున్నారు. కొత్త కారు కొన్నవారు నన్ను మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: కరెంటుతో పనిచేయు బ్రేకును నమ్మవచ్చునా, కరెంటు పోయినచో బండి దొర్లిపోదా అని. కరెంటు మాటమీద ఒకప్పుడు మన పల్లెలలో ఎంత నమ్మకముండెడిదో శ్రోతలకు వేరుగా చెప్పనక్కరలేదు కనుక, ఈ అనుమానము సహజమైనదే.

ఈ బ్రేకు నిన్న మొన్నటి వింత కాదు. 2001లో వచ్చిన బీఎండబ్ల్యూ 7 శ్రేణి కారు దీనిని అమర్చుకొనిన మొదటివానిలో ఒకటి. మన దేశమున చాలకాలము ఇది ధనికుల కార్లకే పరిమితమై యుండెను. 2020 నాటి హ్యుండయ్ క్రెటా, 2021 నాటి మహీంద్రా ఎక్స్‌యూవీ 700 వంటి కార్ల పై రకములలో చేరిన పిమ్మట మధ్యతరగతి ముంగిటికి వచ్చినది. అందువలన దీని లోపలి సంగతి తెలిసికొనుట ఇప్పుడు మన పనియే అయినది.

మీటను ఎత్తగానే వెనుక చక్రముల దగ్గర "జుయ్" మని చిన్న శబ్దము వినబడును. వెనుక చక్రములకు ఒక్కొక్క ఇనుప డిస్కు ఉండును. దానిని రెండు ప్రక్కలనుండి ప్యాడ్లు పటకారువలె పట్టుకొనును. ప్రతి పటకారునకును ఒక చిన్న మోటారు కట్టియుండును. మోటారు వేగముగా తిరుగును. గేర్లు ఆ వేగమును తగ్గించి బలమును పెంచును. చివరనున్న మర మెల్లగా ముందునకు జరిగి ప్యాడ్లను డిస్కునకు అదిమిపట్టును. ఆ ఒత్తిడి ఒక టన్నునకు మించియే యుండును. పని ముగియగానే మోటారునకు కరెంటు ఆగిపోవును. మర యున్నచోటనే యుండును.

కీలకమంతయు ఆ మరలోనే యున్నది. కారు చక్రము మార్చునప్పుడు వాడు మర జాకీని తలచుకొనుడు. పిడిని త్రిప్పినంతసేపు జాకీ కారును పైకెత్తును. పిడిని విడిచి ప్రక్కకు పోయినను కారు బరువు ఆ మరను వెనుకకు త్రిప్పలేదు. బ్రేకులోని మరయు అంతే. దానిని బిగించుటకును విప్పుటకును కరెంటు కావలెను, బిగిసియుండుటకు అక్కరలేదు. కాబట్టి బ్యాటరీ చచ్చిపోయినచో బ్రేకు విడిపోవునన్న భయమునకు ఆధారము లేదు. మన లారీ డ్రైవర్లకు ఇటువంటి పద్ధతి మునుపే తెలియును. గాలి బ్రేకుల లారీలో పార్కింగ్ బ్రేకును పట్టియుంచునది బలమైన స్ప్రింగు. గాలి దానిని విడిపించును. గాలి దిగిపోయినచో లారీ దొర్లదు, కదలక మొరాయించును. కొన్ని కార్లలో మోటారు పటకారువద్ద గాక మధ్యలో ఉండి తీగత్రాటిని లాగును. అందును బిగిసినది బిగిసియే యుండును.

నిజమైన చిక్కు దీనికి తలక్రిందులుగా వచ్చును. కొన్ని యేండ్ల క్రిందట నా మేనల్లుడు తన కొత్త కారును కాలువ గట్టుమీద నిలిపి చేను చూచుటకు దిగినాడు. లోపలి దీపములు, పాటలపెట్టె అట్లే వెలుగుచు మ్రోగుచు నుండెను. రెండు గంటల తరువాత వచ్చి చూడగా బ్యాటరీ అడుగంటినది. గట్టు ఇరుకు. వెనుక పత్తి బోరెములతో ట్రాక్టరొకటి వచ్చి నిలిచినది. నలుగురు కూడి తోసిరి, ఎనమండుగురు తోసిరి. వెనుక చక్రములు ఇసుమంతయు తిరుగలేదు. "మామా, నూకితే పోదు, ఏం చేద్దాం?" అని వాడు నాకు ఫోను చేసినాడు. ట్రాక్టరు బ్యాటరీనుండి తీగలు తగిలించుమని చెప్పితిని. ప్రాణము రాగానే బ్రేకు విడువవచ్చును. కాని గట్టు వాలుమీద బ్రేకు విడుచుటకు ముందు చక్రము క్రింద ఏమైన పెట్టుమంటిని. ఆ మాట విని వాడు కాలువ గట్టున రాయి వెదకుటకు బయలుదేరినాడట. లక్షలు పోసి కొన్న బండికి చివరకు రాయియే దిక్కైనదని ఆ ట్రాక్టరు డ్రైవరు ఎంతసేపు నవ్వెనో!

ఇట్టి కారు గలవారు బ్యాటరీకి తగిలించు తీగల జతను వెనుక పెట్టెలో ఉంచుకొనుట మంచిది. కొన్ని నమూనాలలో చేతితో విడిపించు ఉపాయము దాచియుంతురు, కొన్నింటిలో అదియు ఉండదు. ఏది యున్నదో కారుతో ఇచ్చిన పుస్తకము చెప్పును. ఆ పుస్తకమును విప్పనివారే మనలో హెచ్చు.

ఇక ఈ బ్రేకు మోయవలసిన భారమెంత? కొంచెము లెక్క చూతము. కారు బరువు 1600 కిలోలనుకొందము. అయిదడుగులు పోవునప్పటికి ఒక అడుగు ఎక్కు దారి యున్నదనుకొందము. దానిని 20 శాతము వాలు అందురు. అట్టి వాలుమీద కారును క్రిందికి లాగు బలము సుమారు 310 కిలోలు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 13-హెచ్ ప్రకారము, నిండు బరువుతో నున్న కారును 20 శాతము వాలుమీద, ముందు మొగముగానైనను వెనుక మొగముగానైనను, పార్కింగ్ బ్రేకు నిలిపియుంచవలెను. చేతి పిడికైనను ఈ మీటకైనను పరీక్ష ఒక్కటియే.

మా నడిగడ్డ కృష్ణా తుంగభద్రల నడుమనున్న చదును నేల గదా, మాకీ వాలుల గొడవ ఏల యని కొందరు అనవచ్చును. నూరడుగులకు రెండడుగులు వాలిన వీధి కంటికి చదునుగానే తోచును. కాని ఆ 1600 కిలోల కారును అది 32 కిలోల బలముతో లాగుచుండును. బాగుగా గాలి నింపిన టైర్లు గట్టి రోడ్డుమీద దొర్లుటకు అంత బలము అక్కరలేదు. కంటికి కనబడని పల్లమే మోసగించును. ఘాటురోడ్డుమీద ఎవడును బ్రేకు వేయుట మరచిపోడు. మరపు వచ్చునది ఇంటి ముంగిటనే. పెద్దనాయన చదును నేలమీద సైతము రాయి కొరకు పట్టుపట్టుటకు కారణము నాకు ఈ లెక్క వేసిన నాడుగాని బోధపడలేదు.

చేతి పిడితో పోల్చినచో మీటకు గల మేలు ఇక్కడ తెలియును. పిడిని లాగు బలము మనిషి మనిషికి మారును. బలవంతుడు ఏడెనిమిది పండ్లు వినబడునట్లు లాగును. అలసినవాడు నాలుగింటితో సరిపెట్టును. ఏండ్లు గడచినకొద్ది తీగత్రాడు సాగును, తొడుగులోనికి నీరు చేరి తుప్పు పట్టును. పిడి పైకి లేచినదిగదా యని మనము దిగిపోదుము; చక్రము దగ్గర పట్టు సగమే యుండవచ్చును. ఎలక్ట్రానిక్ బ్రేకులోనైతే మోటారు ఎంత కరెంటు తీసికొనుచున్నదో ఒక చిన్న కంప్యూటరు కొలుచుచుండును. ప్యాడ్లు గట్టిగా అదిమినకొద్ది మోటారు హెచ్చు కరెంటును కోరును. కావలసినంత బిగిసినదని ఆ కొలతవలన తెలిసిన పిదపనే అది ఆగును. ముసలివారు మీట నెత్తినను, పహిల్వాను ఎత్తినను బిగింపు ఒక్కటే.

ఇంకొక మేలు చాలమందికి తెలియనిది. అచ్చంపేట నుండి శ్రీశైలము పోవువారు మన్ననూరు దాటి నల్లమల నడవిలో ప్రవేశింతురు. దోమలపెంట, ఈగలపెంటల మీదుగా దారి కృష్ణ లోయలోనికి మలుపులు తిరుగుచు దిగును. గేట్లు ఎత్తిన దినములలో ఆనకట్టను చూచుటకు దారి ప్రక్కన వందల కార్లు నిలుచును. మలుపు మలుపునకు బ్రేకు త్రొక్కుచు దిగిన కారు డిస్కులు చేయి పెట్టరానంత కాలియుండును. కాలిన ఇనుము ఉబ్బియుండును. ఆ స్థితిలో పార్కింగ్ బ్రేకు వేసి మనము నీళ్లు చూచుటకు పోదుము. పదిపదిహేను నిమిషములలో డిస్కు చల్లారి సన్నబడును. అది వెండ్రుక మందమంత తగ్గినను చాలును, పట్టు సడలును. వేసినప్పుడు కదలక నిలిచిన కారు, మనిషి లేనప్పుడు కదలుటకు ఇది ఒక కారణము. చేతి పిడి బ్రేకునకు ఈ సంగతి తెలియదు. ఎలక్ట్రానిక్ బ్రేకులు పెక్కింటిలో, డిస్కు వేడిగా నున్నదని కంప్యూటరు ఎంచినచో, కొంతసేపటికి మోటారును మరల త్రిప్పి బిగించును. ఆపిన కారులో ఎవరును లేకున్నను నడుమ "జుయ్" మని వినబడినచో అది దయ్యము పని కాదని తెలిసికొనవలెను.

ఇంత మేలు చెప్పిన తరువాత కీడు దాచుట న్యాయము కాదు. 2016 అక్టోబరులో హోండా కంపెనీ అమెరికాలో ఆ యేటి నమూనా సివిక్ కార్లను సుమారు 3,50,000 వెనుకకు పిలిపించినది. లోపము ఇనుములో లేదు, మోటారులో లేదు, కంప్యూటరునకు వ్రాసిన ఆజ్ఞలలో ఉన్నది. ఇంజను ఆపిన మరుక్షణమే మీట నెత్తినచో బ్రేకు పడకపోవచ్చును. మనిషి అలవాటు ప్రకారము తాళము త్రిప్పును, మీట నెత్తును, దిగిపోవును. చేయి తన పని చేసినది. బ్రేకు మాత్రము చేయలేదు. హెచ్చరిక దీపము వెలుగును గాని, దిగిపోవుచున్నవాడు దీపమును చూచునా? సాఫ్ట్‌వేరును మార్చి ఆ లోపమును సవరించిరి.

నన్నడిగినచో ఈ యంత్రమునకు సంబంధించిన అసలు భయము ఇదియే. పిడిని లాగునప్పుడు బిగువు చేతికి తెలిసెడిది. తీగ తెగియున్నచో పిడి తేలికగా లేచి, ఏదియో చెడినదని చేయియే చెప్పెడిది. మీట ఎప్పుడును ఒకే విధముగా లేచును, బ్రేకు పడినను పడకున్నను. చేతికి తెలియనిదానిని ఇక చెవితోను కంటితోను తెలిసికొనవలెను.

2017 ఏప్రిలులో టెస్లా కంపెనీ సుమారు 53,000 కార్లను పిలిపించినది. పటకారులోని ఒక చిన్న గేరు సరిగా తయారు కాలేదు. అది విరిగినచో పార్కింగ్ బ్రేకు విడువక బిగిసిపోవచ్చునని తేలినది. ఈ రెండింటిని చూచి పాత తీగత్రాడే మేలని తీర్పు చెప్పవలదు. 2016 అక్టోబరులోనే టొయోటా కంపెనీ ప్రపంచమంతట సుమారు 3,40,000 ప్రియస్ కార్లను పిలిపించినది. అందులో చెడినది పార్కింగ్ బ్రేకు తీగయే.

మన దేశమున 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి 110-ఎ అను సెక్షను చేర్చిరి. ప్రమాదకరమైన లోపము గల వాహనములను వెనుకకు పిలిపింపుమని కంపెనీని ఆదేశించు అధికారము ప్రభుత్వమునకు దానివలన కలిగినది. అట్టి పిలుపు వచ్చినప్పుడు తన కారు అందులో చేరినదో లేదో ఛాసిస్ నంబరు చెప్పి కనుగొనుట యజమాని పని. సెకండ్ హ్యాండు కారు కొన్నవారికి కంపెనీ ఉత్తరము అందదు. అది పాత యజమాని చిరునామాకు పోవును. అయిజ వంటి ఊళ్లలో తిరుగు కార్లలో చాలభాగము అట్టివే కనుక ఈ మాటను ప్రత్యేకముగా చెప్పుచున్నాను.

నిలిపినాననుకొనిన కారు ఎంతపని చేయగలదో తెలియుటకు ఒక విషాదమును చెప్పక తప్పదు. 2016 జూన్ 19వ తేదీన లాస్ ఏంజలీస్‌లో అంటన్ యెల్చిన్ అను 27 ఏండ్ల సినిమా నటుడు తన ఇంటి ముందరి ఏటవాలు దారిలో కారును ఆపి దిగినాడు. కారు వెనుకకు దొర్లి ఆయనను ఇటుకల స్తంభమునకు అదిమివేసినది. అది జీప్ గ్రాండ్ చెరోకీ. దాని గేరు పిడి ఏ గేరులో వేసినను మరల నడిమికే వచ్చి నిలుచును. పార్కు గేరు పడినదో లేదో చేతికి తెలియదు. ఆ లోపము గల 11 లక్షల వాహనములను పిలిపించుచున్నట్లు కంపెనీ ఏప్రిలులోనే ప్రకటించియుండెను. ఇది పార్కింగ్ బ్రేకు లోపము కాదు. పార్కు గేరు లోపల గేర్లపెట్టెలో ఒక్క ఇనుప పంటిని ఆనించు ఏర్పాటు మాత్రమే. దానిని నమ్మి బ్రేకు వేయని అలవాటు మనవారిలోను పెరుగుచున్నది. అందుకే ఆ సంగతి చెప్పితిని.

అట్టిదే మరియొక పొరపాటు ఉన్నది. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు పాదమును తీసినను కారును పట్టియుంచు ఏర్పాటొకటి ఈ కార్లలో ఉండును. ఆటో హోల్డు అందురు. అది పట్టియుంచునది బ్రేకు నూనె ఒత్తిడితో, మరతో కాదు. డ్రైవరు బెల్టు విప్పినను, తలుపు తెరచినను చాల కార్లు తామే పార్కింగ్ బ్రేకునకు మారును. అన్ని కార్లును ఒక్కటి కావు. ఒక కారుకు అలవాటుపడినవాడు మరియొక కారులో దిగునప్పుడే అపాయము.

మన చట్టము ఈ విషయమున చాల స్పష్టముగా నున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 126వ సెక్షను ప్రకారము, లైసెన్సు గల మనిషి డ్రైవరు సీటులో లేనప్పుడు యంత్రమును ఆపి బ్రేకు వేసియుండవలెను; లేదా డ్రైవరు లేనప్పుడు వాహనము తనంతట కదలకుండునట్లు మరియొక జాగ్రత్త తీసికొనియుండవలెను. ఆ "మరియొక జాగ్రత్త" అను మాటలో పెద్దనాయన రాయి కూడ ఇమిడియున్నదని నా వ్యాఖ్యానము. వకీళ్లు ఒప్పుకొందురో లేదో!

ఆచరణలో నేను చేయునది చెప్పెదను. పాదముతో బ్రేకు త్రొక్కియుండి, ఇంజను నడుచుచుండగనే మీట నెత్తుదును. వెనుకనుండి శబ్దము ఆగువరకు వినెదను. ఎఱ్ఱ దీపము మినుకుమినుకు మనక నిలుకడగా వెలుగుచున్నదో లేదో చూచెదను. మినుకుమన్నచో బ్రేకు పూర్తిగా పడలేదన్నమాట. ఆపై పార్కు గేరు వేసి, లేదా చేతి గేర్ల కారైనచో ఎగువ మొగమునకు మొదటి గేరు, దిగువ మొగమునకు రివర్సు గేరు వేసి, పాదమును మెల్లగా తీసి ఒక్క క్షణము కూర్చుందును. కారు కదలనిచో ఇంజను ఆపి దిగుదును. ఇంతయు అరనిమిషము పట్టదు.

మరమ్మతు సంగతి మాత్రము మన ఊళ్లలో కొంచెము కష్టముగానే యున్నది. వెనుక ప్యాడ్లు అరిగినప్పుడు మేస్త్రీ వాటిని మార్చుటకు పటకారులోని పిస్టనును వెనుకకు నెట్టవలెను. పాత కార్లలో బిగింపు పట్టుతో అదిమినచో వెనుకకు పోయెడిది. ఇక్కడ వెనుక మర యున్నది. దానిని ముందుగా కంప్యూటరు పరికరముతో, లేదా పుస్తకములో చెప్పిన క్రమముతో, వెనుకకు పంపి "సర్వీసు" స్థితిలో ఉంచవలెను. అట్లుగాక బలము ఉపయోగించినచో మర గాని గేరు గాని చెడును. పని నడుమ ఎవరైన మీటను ముట్టినచో మోటారు తిరిగి వ్రేళ్లు నలుగును. మన మేస్త్రీలు నేర్పరులు; చెడిన ట్రాక్టరును తీగముక్కతో నడిపింపగలరు. కాని ఈ ఒక్కచోట, ఆ పరికరము నీవద్ద ఉన్నదా అన్నా యని ముందుగా అడుగుటలో తప్పు లేదు. లేదన్నచో గద్వాలకో కర్నూలునకో పోవుట కర్చు దక్కించును. నల్లరేగడి బురదలో తిరుగు కారునకు వెనుక మోటారు తీగల అతుకులను కూడ అప్పుడే చూపించవలెను.

బండి పోవుచుండగా పాద బ్రేకు పనిచేయకపోయినచో ఏమి చేయవలెనని కొందరు అడుగుదురు. చాల కార్లలో ఈ మీటను ఎత్తి పట్టుకొనినంతసేపు కంప్యూటరు నాలుగు చక్రముల బ్రేకులను క్రమముగా వేయును, విడిచినచో ఆగును. చేతి పిడిని గట్టిగా లాగి వెనుక చక్రములు బిగిసి బండి గిరగిర తిరుగుటకంటె ఇది మేలు. దీనిని సరదాకు పరీక్షింపరాదు.

పిల్లల విషయమున ఈ మీట పిడికంటె మంచిది. నిలిపిన కారులో ఆడుకొను పిల్లవాడు పాత పిడి కొనను నొక్కి దింపగలడు. ఈ మీటను ఎంత నొక్కినను, చాల కార్లలో తాళము వేసి, పాదముతో బ్రేకు త్రొక్కినగాని విడువదు. అయినను నేటి కార్ల తాళము జేబులోని చిన్న బిళ్ల. దానిని సీటుమీద మరచి, పిల్లలను లోపల ఉంచి, ఒక్క నిమిషమని అంగడిలోనికి పోవువారిని అయిజ బస్టాండు దగ్గర నేను తరచుగా చూచుచున్నాను. బిళ్ల లోపల ఉన్నచో కారు దృష్టిలో డ్రైవరు లోపలనే ఉన్నాడు. మొన్న ఒకరిని ఆపి ఈ మాటయే చెప్పితిని. ఆయన నావైపు, మేము ఒకప్పుడు పెద్దనాయనవైపు చూచినట్లే చూచి, బిళ్లను తీసి జేబులో వేసికొని పోయెను.